నా యాస వినగానే రేడియోలో నవ్వులు.. సర్వర్ మానేయాలా అక్కా?

రాజాం దగ్గర ఒక పల్లె నుంచి ఇరవై రెండేళ్ల తమ్ముడు చాలా పెద్ద ఉత్తరం రాశాడు. పేరు వేయొద్దన్నాడు, ఊరి పేరు నేనే తీసేశాను. విషయం ఇది.

డిగ్రీ అయిపోయింది, ఉద్యోగం వెతుక్కుంటున్నాడు. నాన్న జూట్ మిల్లులో పని చేస్తారు. రాత్రి ఇంట్లో అందరూ పడుకున్నాక జీటీఏ ఫైవ్ అనే కంప్యూటర్ ఆటని ఫైవ్‌ఎమ్ అనే సాఫ్ట్‌వేర్ మీద నడిపే ఒక తెలుగు రోల్‌ప్లే సర్వర్‌లో, అంటే నెట్‌లో చాలామంది కలిసి వేషాలేసుకుని ఆడే చోట, ఆడతాడు. తెలియనివాళ్ల కోసం ఒక్క మాట చెబుతాను. అక్కడ గెలుపు ఓటములుండవు. ఒక ఊహా నగరంలో ఒకరు పోలీసు, ఒకరు డాక్టరు, ఒకరు దొంగ, ఇంకొకరు టాక్సీ డ్రైవరు, ఎవరి వేషంలో వాళ్లుండి మైకులో మాట్లాడుకుంటూ గంటల తరబడి కథ నడుపుతారు. క్యారెక్టర్‌గా మాట్లాడితే ఐసీ అంటారు, ఆట బయట మామూలు మనిషిగా మాట్లాడితే ఓఓసీ.

ఇతనిది మెకానిక్ క్యారెక్టర్. మొదట్లో అంతా బాగానే ఉందట. ఒక రోజు ఆటలోని రేడియోలో "బండి బేగి తెండి, టైరు పేలిపోనాది" అన్నాడు. అవతల నలుగురు అదే మాటని సాగదీసి సాగదీసి పాటలా అన్నారు. అప్పట్నుంచి ఇతను నోరు తెరిస్తే చాలు, ఎవరో ఒకరు అందుకోవడమే. ఆట అయ్యాక, అందరూ కబుర్లాడుకునే డిస్కార్డ్ యాప్‌లో కూర్చున్నా అదే. తను ఆడే ఆటని నెట్‌లో లైవ్‌గా చూపించే ఒక స్ట్రీమర్ ఇతని మాటలన్నీ ఏరి, నవ్వుల సౌండు కలిపి క్లిప్ పెట్టాడు. అది పిన్ని కొడుకు ఫోన్‌కి వచ్చింది, వాడు తెచ్చి ఇంట్లో చూపించాడు. అమ్మ అంతా విని "ఇది నీ గొంతే కదా, మరి వీళ్లెందుకు నవ్వుతున్నారు?" అని అడిగింది. ఆ ప్రశ్నకి తన దగ్గర జవాబు లేకపోయిందని రాశాడు.

తర్వాత సర్వర్‌లో పోలీసు ఉద్యోగానికి అప్లై చేస్తే "వాయిస్ సూట్ కాదు బ్రో, సీరియస్ సీన్ కామెడీ అయిపోద్ది" అని తిప్పి పంపారు. బాధగా ఉందని చెబితే "ఐసీ బ్రో, లైట్ తీస్కో" అన్నారు.

అన్నిటికన్నా ఇతన్ని తినేస్తున్నది వేరే ఉంది. ఈమధ్య పలాస వైపు నుంచి ఒకమ్మాయి చేరింది, బీటెక్ చదువుతోంది, సర్వర్‌లో అంబులెన్స్ డ్యూటీ. మొదటి రోజే రేడియోలో "ఏటయ్యింది? దెబ్బ ఎక్కడ తగిలినాది?" అంది. అందరూ నవ్వారు. ఇతనూ నవ్వాడు. రాత్రి ఆమె "అన్నయ్యా, మీది మావైపేనా?" అని మెసేజ్ పెడితే "కాదు, వైజాగ్" అని చెప్పాడు. ఆ తర్వాత ఆమె సరిగ్గా రావడం లేదు.

"అక్కా, యాస మార్చుకోవాలా? అడ్మిన్‌కి చెప్పాలా? సర్వర్ మానేయాలా? మన ఉత్తరాంధ్ర వాళ్లమే వేరే సర్వర్ పెట్టుకోవాలా? లేకపోతే నేనే మరీ ఎక్కువ ఫీలవుతున్నానా?" అని అడిగాడు.

తమ్ముడూ, నీ ఆఖరి ప్రశ్న ముందు తీసుకుంటాను. నువ్వు ఎక్కువ ఫీలవడం లేదు. నేనూ ఈ ఆటలు ఆడేదాన్నే, అందుకని ఆ "ఐసీ బ్రో" అనే మాట సంగతి ముందు తేల్చుకుందాం, నీ ఉత్తరమంతా దాని దగ్గరే చిక్కుపడిపోయింది.

మన తూర్పు భాగవతం చూసే ఉంటావు. సత్యభామ వేషం కట్టినాయన జడ తిప్పుకుంటూ అలిగితే జనం నవ్వుతారు, ఆయనకీ సంతోషమే, నవ్వించడానికే కదా కట్టింది. తెల్లారాక టీ కొట్టు దగ్గర ఆయన నడకని, గొంతుని ఎవడైనా వెక్కిరిస్తే మాత్రం ఆ నవ్వు సత్యభామ మీద కాదు, ఇంటిపేరున్న ఆ మనిషి మీద. నీ మెకానిక్‌కి నువ్వు పెట్టిన పేరు, వేసిన చొక్కా, రాసుకున్న పాత కథ, బిల్లు ఎక్కువేసే బుద్ధి, ఇవన్నీ వేషం. వాటిని ఎవరెంత ఆటపట్టించినా ఆటే. నీ గొంతు, నీ యాస వేషంలోవి కావు. అవి మీ అమ్మ దగ్గర నుంచి వచ్చినవి. దాన్ని పట్టుకుని నవ్వినవాడు ఆ నిమిషంలో క్యారెక్టర్ దాటి ఆడుతున్న మనిషి దగ్గరకి వచ్చేశాడు. ఆట బయట తెలిసిన సంగతిని ఆటలోకి తెచ్చి వాడుకుంటే మెటాగేమింగ్ అని వార్నింగ్ ఇస్తారు కదా మీ దగ్గర, ఇదీ అదే గోడ దూకడం. "ఐసీ ఓఓసీ కలపొద్దు" అన్న రూల్ వాళ్లని కాపాడటానికి మాత్రమే ఉండకూడదు, నిన్నూ కాపాడాలి.

ఇక్కడ ఇంకో సంగతి ఉంది, పెద్దగా ఎవరూ మాట్లాడుకోరు. 1978లో ఇంగ్లండ్‌లోని ఎసెక్స్ యూనివర్సిటీలో మడ్ అనే ఆట మొదలైనప్పుడు అదంతా అక్షరాలే, టైపు చేసుకుంటూ ఆడేవాళ్లు. తర్వాత చాలా ఏళ్లు రోల్‌ప్లే ఎక్కువగా టైపింగ్ మీదే నడిచింది. టైపు చేసినప్పుడు నువ్వు రాజాం వాడివో రాజమండ్రి వాడివో, నీకు నత్తి ఉందో లేదో, ఆడో మగో, వయసెంతో, నువ్వు చెబితే తప్ప ఎవరికీ తెలియదు. ఇప్పుడు మైకు వచ్చింది. మైకుతో పాటు నీ ఊరు, నీ ఇల్లు, నీ వెనకాల తిరిగే ఫ్యాను చప్పుడు, అన్నీ ఆటలోకి వచ్చేశాయి. టైపింగ్ రోజుల్లో మనిషికీ క్యారెక్టర్‌కీ మధ్య గోడ దానంతటదే నిలబడేది, ఇప్పుడు అక్కడున్నవాళ్లు మర్యాద పాటిస్తేనే నిలబడుతుంది. అందుకే గొంతుతో ఆడే సర్వర్‌లో గొంతు గురించి రూల్ ఉండి తీరాలని నేను గట్టిగా నమ్ముతాను.

అయితే యాస మీద ఐసీలో ఒక్క జోకు కూడా ఉండకూడదా అంటే, అలా అనను. డబ్బు పొగరున్న క్యారెక్టర్ ఒకడు మెకానిక్ మాట తీరుని ఎగతాళి చేయడం మంచి సీను కావచ్చు. దానికి ఎదటివాడు ముందే ఓఓసీలో "బ్రో, ఇలా ఒక సీను అనుకుంటున్నా, నీకు ఓకేనా" అని అడగాలి, నీకు తిరిగి కొట్టే చోటు ఉండాలి, వాడి కారు నీ షెడ్డుకి వచ్చినప్పుడు నువ్వు వాడి పని పట్టాలి, సీను అయ్యాక అక్కడితో ఆగిపోవాలి. నీ దగ్గర జరిగినదాంట్లో ఈ మూడింట్లో ఒక్కటీ లేదు. ఎవరూ అడగలేదు, కథ ఎక్కడికీ వెళ్లలేదు, ఆట మూసేసి డిస్కార్డ్‌లో కూర్చున్నా ఆగలేదు. ఇది ఐసీ ఎలా అవుతుంది?

ఇప్పుడు ఒక్కొక్కటీ విడదీద్దాం. నలుగురు ఫ్రెండ్స్ వెక్కిరింపు, స్ట్రీమర్ క్లిప్, పోలీసు అప్లికేషన్, ఆ అమ్మాయి, ఈ నాలుగూ కలిపి ఒకే ముద్దగా మోస్తున్నావు కాబట్టి నీకు మానేయడం ఒక్కటే దారిగా కనబడుతోంది. దేని మందు దానికి వేరు.

ఫ్రెండ్స్‌లో గుంటూరు అబ్బాయి ఒకడు మైకు సెట్టింగులన్నీ దగ్గరుండి సరిచేశాడని, తర్వాత అతనూ నవ్వాడని రాశావు. అతని దగ్గర మొదలుపెట్టు. రేడియోలో వద్దు, అందరూ ఉన్న వాయిస్ చానెల్లో అసలే వద్దు, పదిమంది ముందు అడిగితే ఎవడైనా నవ్వులాట వైపే జరుగుతాడు. విడిగా కాల్ చేసి నీ యాసలోనే చెప్పు. "నా క్యారెక్టర్ని ఏమన్నా అను, పని రాదను, దొంగ బిల్లు అను. నా మాట తీరు జోలికి రాకు. మా ఇంట్లో అందరం ఇలగే మాట్లాడతాం" అంటే చాలు. వివరణలు అక్కర్లేదు. అతను "సారీ రా, నాకు తట్టలేదు" అనొచ్చు, నిజంగా తట్టనివాళ్లు చాలామంది ఉంటారు, సినిమాల్లో మన యాస వినబడితే నవ్వాలని చిన్నప్పట్నుంచి అలవాటైపోయినవాళ్లు. లేదా "ఇంత చిన్నదానికా" అనొచ్చు. ఇంకా పాడుగా జరిగితే వెళ్లి మిగతా ముగ్గురికీ చెప్పి, కొన్నాళ్లు గోల పెంచొచ్చు కూడా. అలా జరిగినా నీకు ఒక సంగతి తెలుస్తుంది, వాళ్లలో ఎవరితో కూర్చోవాలో, ఎవరితో అక్కర్లేదో. ఇప్పుడు అది తెలియకుండానే నలుగురి మధ్యా ఇరుక్కుని ఉన్నావు.

పోలీసు అప్లికేషన్ దగ్గర కొంచెం జాగ్రత్తగా ఆలోచించు. అడ్మిన్లు కొన్ని చూడటం న్యాయమే. రేడియోలో చెప్పింది స్పష్టంగా వినబడాలి, కోడ్‌లు తెలియాలి, వారంలో ఇన్ని గంటలు రావాలి. అందరూ పడుకున్నాక గుసగుసలాడినట్టు మాట్లాడతానని నువ్వే రాశావు, పైగా ఫ్యాను. కాబట్టి రాతపూర్వకంగా ఒక్క ప్రశ్న అడుగు, "వినబడటంలో ఇబ్బందా, మాట తీరులో ఇబ్బందా?" అని. వినబడటమే అయితే మైకు దగ్గర పెట్టుకో, బటన్ నొక్కితేనే మైకు పనిచేసే పుష్ టు టాక్ వాడు, డిస్కార్డ్ చానెల్లో అయితే వెనక చప్పుడు తగ్గించే నాయిస్ సప్రెషన్ ఆన్ చెయ్, మళ్లీ అప్లై చెయ్. మాట తీరే అయితే అది వాళ్ల చేత్తో రాసి ఇచ్చినట్టవుతుంది. శ్రీకాకుళం, విజయనగరం స్టేషన్లలో నిజం పోలీసులు ఏ యాసలో మాట్లాడుతున్నారో వాళ్లకి తెలియదా? అక్కడ ఎవరూ కామెడీ అనుకోవడం లేదు కదా.

అడ్మిన్లకి టికెట్, అంటే రాతలో ఫిర్యాదు, పెట్టాలా అంటే, పెట్టొచ్చు, కానీ అది ఎంతవరకు పనికొస్తుందో తెలుసుకుని పెట్టు. ఫైవ్‌ఎమ్ తయారుచేసిన టీమ్‌ని 2023లో జీటీఏ ఆట తయారుచేసే రాక్‌స్టార్ కంపెనీ తనలో కలుపుకుంది, అయినా నీ సర్వర్‌లో రోజువారీ రూల్స్ రాసేది, వార్నింగ్ ఇచ్చేది, బ్యాన్ చేసేది ఆ సర్వర్ ఓనరూ అడ్మిన్లే. వాళ్లకి పట్టింపు ఉంటే పని అవుతుంది, లేకపోతే టికెట్ మూసేస్తారు. నువ్వు పంపిన రూల్స్ పేజీ మొత్తం చదివాను. రేసిజం వద్దని ఉంది, ఊరికే కాల్చి చంపొద్దని, బండితో గుద్దొద్దని పేజీలకి పేజీలు ఉంది, యాస గురించి గానీ కులం గురించి గానీ నత్తి గురించి గానీ ఒక్క ముక్క లేదు. కాబట్టి "వీళ్లని బ్యాన్ చేయండి" అని అడిగే కన్నా "ఆడేవాళ్ల గొంతు, యాస, కులం, మతం, శరీరం మీద ఎగతాళి ఐసీలో అయినా వద్దు, ముందుగా ఒప్పుకున్న సీనులో తప్ప అని ఒక లైను రాయండి" అని అడిగితే అడ్మిన్‌కి ఒప్పుకోవడం తేలిక, ఎవరి పక్షమూ తీసుకున్నట్టు అవదు, రేపు వచ్చేవాళ్లకి కూడా పనికొస్తుంది. బ్యాన్ అడిగితే అది నీకూ వాళ్లకీ గొడవ అవుతుంది, నీకన్నా పాత ఆటగాళ్లు వాళ్లు, ఎటు తూగుతుందో ఊహించొచ్చు.

ఇంకొకటి కూడా అడుగు. బల్ల చుట్టూ కూర్చుని ఆడే రోల్‌ప్లేలో ఎక్స్ కార్డ్ అని ఉంటుంది, జాన్ స్టావ్రోపోలస్ అనే ఆయన తెచ్చాడు. ఒక కార్డు మీద ఎక్స్ గుర్తు వేసి మధ్యలో పెడతారు, కథలో ఏదైనా ఎవరికైనా ఇబ్బందిగా ఉంటే ఆ కార్డు ముట్టుకుంటే చాలు, ఎందుకని అడగరు, ఆ ముక్క వదిలేసి ముందుకెళ్తారు. మీ సర్వర్‌లో దానికి సాటిగా ఓఓసీ చాట్‌లో ఒక చిన్న మాట పెట్టుకోవచ్చు. యాస ఒక్కదానికే కాదు, అంబులెన్స్ డ్యూటీలో ఉన్న అమ్మాయిని పేషెంటు వేషంలో వచ్చి లైన్ వేసేవాళ్లుంటారు, అలాంటి చోట కూడా అది అవసరం.

యాస మార్చుకోవడం గురించి. అది తప్పని నేననను. పోలీసు క్యారెక్టర్‌కి కృష్ణా జిల్లా మాట పెడతానని నువ్వు సరదాగా నేర్చుకుంటే అది నటన, బాగుంటుంది, నీ మెకానిక్ మాత్రం మన మాటే మాట్లాడతాడు, రెండూ నీ చేతిలో ఉంటాయి. కానీ నవ్వుతారన్న భయంతో మార్చుకుంటే రేడియో నొక్కే ముందు ప్రతి మాటా లోపల ఒకసారి తడుముకోవాలి, "బేగి" వస్తుందేమో, "ఎల్తన్నాను" వస్తుందేమో అని. ఆటలో ఉన్న హాయంతా అక్కడే పోతుంది. ఎప్పుడో ఒకసారి జారుతుంది కూడా, ఆ రోజు నవ్వు ఇంకా పెద్దగా ఉంటుంది. రేపు ఉద్యోగం ఇంటర్వ్యూలో కొంచెం మార్చి మాట్లాడాల్సి వస్తుందేమో, చాలామందిమి మాట్లాడాం, అది పొట్టకూటి సంగతి. రాత్రి సరదాగా ఆడుకునే చోట కూడా ఆ టెన్షన్ ఎందుకు పెట్టుకోవాలో ఆలోచించు.

సర్వర్ మానేస్తే మనశ్శాంతి వెంటనే వస్తుంది, అది చిన్న విషయం కాదు. నెల తర్వాత కూడా ఏమీ మారకపోతే మానేయి, దాన్ని ఓటమి అనుకోకు. కాకపోతే ఇప్పుడే ఎవరికీ ఏమీ చెప్పకుండా మానేస్తే కొత్త సర్వర్‌లో కూడా మొదటి రోజు నుంచీ గొంతు దాచుకునే వెళ్తావేమోనని నా అనుమానం.

సొంత సర్వర్ ఆలోచన నాకు నచ్చింది, కానీ తొందరపడకు. సర్వర్ కట్టుకోవడానికి ఈఎస్ఎక్స్, క్యూబీకోర్ లాంటి రెడీమేడ్ ఫ్రేమ్‌వర్కులు ఉచితంగా దొరుకుతాయి, దాన్ని నెట్‌లో నడిపే హోస్టింగ్‌కి మాత్రం నెలనెలా డబ్బు కట్టాలి, రాత్రి ఒంటిగంటకి ఎవడో చీటింగ్ చేస్తే లేచి చూడాల్సింది నువ్వే, ఉద్యోగం వెతుక్కుంటున్న రోజుల్లో అది బరువు. పైగా "మనవాళ్లం" అన్నంత మాత్రాన వెక్కిరింపు ఆగిపోదు. ఇచ్ఛాపురం, కవిటి వైపు కుర్రాడి తెలుగులో ఒడియా వినబడితే మనమే నవ్వుతాం. సీతంపేట, పార్వతీపురం ఏజెన్సీ నుంచి సవర తెగ కుర్రాడు మైకు పట్టుకుంటే? 1863లో మన పర్వతాలపేటలో పుట్టిన గిడుగు రామమూర్తి గారు జనం మాట్లాడే తెలుగు పుస్తకాల్లోకి రావాలని పోరాడారని అందరూ చెబుతారు, ఆయన సవరల మాట నేర్చుకుని వాళ్ల పిల్లల కోసం వాచకాలు రాశారన్నది తక్కువ మంది చెబుతారు. నువ్వు పెట్టే సర్వర్‌లో ఆ సవర కుర్రాడికి కూడా పోలీసు ఉద్యోగం వస్తుందంటే అప్పుడు పెట్టు, నేనూ వచ్చి టాక్సీ నడుపుతాను.

ఇక ఆ అమ్మాయి. పైవన్నీ నిదానంగా చేసినా పర్వాలేదు, ఇది మాత్రం ఈ రాత్రే. నువ్వు ఎందుకు నవ్వావో నాకు అర్థమైంది, ఆ ఒక్క పూట నవ్వు నీ మీద నుంచి వేరేవాళ్ల మీదకి పోయింది, ఊపిరి ఆడింది. కానీ ఆమె ఆ నవ్వుల్లో నీ గొంతు కూడా విని ఉంటుంది. నీ యాస గుర్తుపట్టే "మావైపేనా" అని అడిగింది. కాబట్టి వైజాగ్ అన్న మాట ఆమె నమ్మి ఉండదు, నువ్వు ఎందుకలా అన్నావో కూడా ఆమెకి తెలిసే ఉంటుంది. మెసేజ్ పెద్దగా వద్దు. "మాది రాజాం దగ్గరమ్మా, ఆ రోజు అబద్ధం చెప్పాను. నీ మాట మీద నవ్వాను, అది తప్పు. నన్ను కూడా అలగే నవ్వుతున్నారు. వస్తానంటే తోడుంటాను, రానన్నా ఏమీ అనుకోను" అని పెట్టు. ఆమె జవాబు ఇవ్వకపోవచ్చు, "మీ క్షమాపణ నాకెందుకు" అనొచ్చు, రెండిటికీ ఆమెకి హక్కుంది, రెండో మెసేజ్ పెట్టి వెంటపడకు. తిరిగి వస్తే మాత్రం, రేడియోలో ఆమె మాటని ఎవడైనా అందుకున్నప్పుడు నువ్వు పెద్ద ఉపన్యాసం ఇవ్వనక్కర్లేదు, ఆమె అడిగినదానికి మామూలుగా నీ యాసలో జవాబు చెప్పు, "డాక్టరమ్మా, ఇక్కడ కాలు ఇరిగినాది, బేగి రండి" అని సీనుని ముందుకి నడిపించు. ఇద్దరు అలా మాట్లాడుతూ పోతే మూడోవాడికి అందుకోవడం కష్టమవుతుంది.

టికెట్‌లో మాత్రం నీకు జరిగినదే రాయి. ఆమెని అడగకుండా ఆమె పేరు వేయకు, ఒక ఆడపిల్ల పేరు అడ్మిన్ గ్రూపులో తిరగడం ఆమెకి ఇంకో తలనొప్పి కావచ్చు. స్ట్రీమర్‌కి విడిగా, మర్యాదగా, "ఆ క్లిప్‌లో ఉన్నది నా గొంతు, నన్ను అడగలేదు, తీసేయండి" అని ఒక్క మెసేజ్ పెట్టు. తీస్తే సరే. తీయకపోతే, లేదా నీ మీద ఇంకో వీడియో చేస్తే, అది ఎక్కడ పెట్టాడో ఆ యాప్‌లోనే వేధింపు కింద రిపోర్ట్ కొట్టు, సర్వర్ ఓనర్‌కి కూడా తెలియజెయ్. ఇవన్నీ చేసే ముందు ఆ క్లిప్ లింకు, స్క్రీన్‌షాట్లు, అప్లికేషన్‌కి వాళ్లిచ్చిన జవాబు, తేదీలతో సహా ఒక ఫోల్డర్‌లో దాచిపెట్టుకో, గొడవ మొదలయ్యాక ముందు మాయమయ్యేవి అవే.